నలుగురు కమెడియన్లు, ఒకే టికెట్: ఆఖర్న మైక్ ఎవరికి?

ఇద్దరు ముగ్గురు కమెడియన్లు కలిసి టూర్ మొదలుపెడుతున్నారంటే పోస్టర్ నిండా స్నేహమే కనిపిస్తుంది. స్నేహం ఉండొచ్చు, కాదనను. కానీ స్టాండప్ అసలు ఒంటరి పని. జనం నవ్వితే పేరు ఒక్కడిదే, నవ్వకపోతే పరువు పోయేదీ ఒక్కడిదే. అలాంటివాళ్లు స్టేజీ టైమూ, టికెట్ డబ్బులూ పంచుకుంటున్నారంటే వెనక ఏదో లెక్క ఉండి తీరాలి.

ఆ లెక్క తెలియాలంటే 'ఒరిజినల్ కింగ్స్ ఆఫ్ కామెడీ' టూర్ చూడాలి. 1990ల చివర్లో వాల్టర్ లేథమ్ అనే ప్రమోటర్ స్టీవ్ హార్వీ, బెర్నీ మ్యాక్, సెడ్రిక్ ది ఎంటర్‌టైనర్‌లను కలిపి అమెరికాలో ఊరూరా తిప్పాడు, తర్వాత డి.ఎల్. హ్యూలీ వచ్చి చేరాడు. వాళ్లు ఆడింది చిన్న క్లబ్బుల్లో కాదు, బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు జరిగే అరీనాల్లో. వాటిని నింపినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి ప్రేక్షకులే. డబ్బు పెట్టి టికెట్ కొనే ఇంత జనం ఉన్నారని హాలీవుడ్ అప్పటిదాకా పెద్దగా పట్టించుకోలేదు. 2000లో దర్శకుడు స్పైక్ లీ షార్లెట్ నగరంలో ఈ షోను షూట్ చేసి థియేటర్లలో విడుదల చేస్తే, దాదాపు 30 లక్షల డాలర్ల ఖర్చుకు 3.8 కోట్ల డాలర్లు వచ్చాయి!

ఇందులో నాకు నచ్చేది వరస. హార్వీ హోస్ట్, హ్యూలీ ముందు, తర్వాత సెడ్రిక్, ఆఖర్న బెర్నీ మ్యాక్. మిగతా ముగ్గురికీ టీవీ సీరియల్స్ ఉన్నాయి, ఇతనికి లేదు, నా నోటికి భయపడి ఇవ్వరని స్టేజీ మీదే అనేశాడు. మన మల్టీస్టారర్లలో ఎవరికి ఎన్ని నిమిషాలని ఫ్యాన్స్ స్టాప్‌వాచ్ పట్టుకు కూర్చుంటారు, ఇక్కడేమో టీవీలో సొంత షో లేనివాడికి ఆఖరి స్లాట్ ఇచ్చి మిగతావాళ్లు పక్కకు తప్పుకున్నారు. సోదరి పిల్లల్ని పెంచడం గురించి అతను చెప్పిన కథే మరుసటి ఏడాది ఫాక్స్ చానెల్లో అతని పేరుతోనే కామెడీ సీరియల్ అయింది.

దీనికి అటువైపు ఉన్నది 2000లో మొదలైన నలుగురు కమెడియన్ల బ్లూ కాలర్ కామెడీ టూర్. జెఫ్ ఫాక్స్‌వర్తీ అప్పటికే పెద్ద పేరు, కానీ టూర్ వల్ల బాగా పైకొచ్చింది మాత్రం ల్యారీ ది కేబుల్ గై. వీళ్లేమో పల్లెల్లో, చిన్న ఊళ్లలో ఉండే తెల్ల జనాన్ని పట్టుకున్నారు. రెండు గుంపుల జోకులకూ పోలికే లేదు, కిటుకు మాత్రం ఒకటే: ఎవరూ లెక్కలోకి తీసుకోని జనం, వాళ్ల భాషలో మాట్లాడే నాలుగు రకాల గొంతులు.

2022లో క్రిస్ రాక్, కెవిన్ హార్ట్ కలిసి చేసిన షోలు అలాంటివి కావు. ఇద్దరూ ఒంటరిగానే అరీనాలు నింపగలరు, కాబట్టి అది సరదా ఈవెంట్. హార్ట్ స్టేజీ మీదకు మేకను తెప్పించి రాక్‌కు బహుమతిగా ఇచ్చాడు, దాని పేరు విల్ స్మిత్, అదే ఏడాది ఆస్కార్ వేదిక మీద రాక్‌ను చెంపదెబ్బ కొట్టిన నటుడి పేరు. నవ్వొచ్చింది, అంతే.

మరి మనవాళ్లు? టీవీ స్కిట్ల టీములు కలిసి విదేశాలకు వెళ్లడం మనకు అలవాటే గానీ, తెలుగు స్టాండప్‌లో నలుగురు కలిసి నడిపే టూర్‌కి ఇంకా చాలా చోటుంది. నన్నడిగితే ఒకే రకం ఐటీ ఉద్యోగం, పెళ్లిచూపుల జోకులు చెప్పే నలుగురు వద్దు. శ్రీకాకుళం నుంచి ఒకరు, వరంగల్ నుంచి ఒకరు, డల్లాస్‌లో పుట్టి పెరిగి తెలుగు తప్పుల్తో మాట్లాడే అమ్మాయి ఒకరు, కడప నుంచి ఒకరు. ఆఖరి స్లాట్ కడపవాళ్లకే ఇవ్వాలి, ఎందుకంటే సీమ యాసను మన సినిమాలు ఇన్నేళ్లుగా సుమోలకీ బాంబులకీ తప్ప వాడలేదు, అదే యాసలో ఒకరు తీరిగ్గా వాళ్లింట్లో అత్తాకోడళ్ల గొడవ చెబుతుంటే హాలు ఎలా ఉంటుందో నాకు చూడాలనుంది.