ఇల్లరికం వచ్చిన రీలోడింగ్ ప్రెస్ గారికి

ప్రెస్ గారూ,

పేల్చేసిన తూటాల్ని మళ్లీ నింపి పెట్టే యంత్రమైన మీరు మా గ్యారేజీ బల్లకి బోల్టులు బిగించుకుని కూర్చుని మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో బల్ల ఒక పక్కకి కుంగింది గానీ మీరు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. ఎదురుగా నిలబడి చెబుదామంటే, మీ లీవర్ కనబడగానే నా చెయ్యి దానంతటదే అటు పోతుంది కాబట్టి, ఇలా ఉత్తరం రాస్తున్నాను.

మిమ్మల్ని తెచ్చుకున్నది ఒకే ఒక్క మాట నమ్మి: "డబ్బు మిగులుతుంది." లెక్క వినడానికి ముద్దుగానే ఉంటుంది. రైఫిల్ తూటాలో ఉండేవి నాలుగే: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల తుపాకీ మందు, మూతి దగ్గర బుల్లెట్. పేల్చాక మూడు పోయినా మళ్లీ నింపుకోవడానికి కేసు మిగులుతుంది, చాలాసార్లు నాలుగింటిలో ఖరీదైనది కూడా అదే. కాబట్టి ఫ్యాక్టరీ పెట్టె కొని, పేల్చి, ఖాళీ కేసులు అక్కడే వదిలేసి పోయేవాళ్లని చూస్తే నాకు అన్నం తిని వెండి కంచం పారేసినట్టు ఉండేది.

సరే, వచ్చారు. మీరొక్కరే వచ్చినా బాగుండేది. ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర బేరమేంటని కేసుని కొలతకి నొక్కే అచ్చులైన డైలు, కేసుని పట్టుకునే షెల్ హోల్డరు, త్రాసు, మందు పోసే హాపరు, కేసు పొడవు చూసే క్యాలిపరు, పొడవెక్కువైతే కోసే ట్రిమ్మరు, కోసిన అంచు గీరే ఇంకో పనిముట్టు, ఇత్తడికి తళతళలు తెచ్చే టంబ్లరు, ఒక్కొక్కటే సామాను దింపుకుంటూ పోయారు. ఇంతా చేసి ఇందులో ఏ ఒక్కటీ తూటా కాదు.

మొన్న కూర్చుని లెక్క వేశాను. మీ సామానంతా కలిపితే వెయ్యి ఫ్యాక్టరీ తూటాల ఖరీదు. ఇంట్లో చేసుకున్న తూటా ఫ్యాక్టరీ దాంట్లో సగానికి పడుతుందని మీ మీద ప్రేమకొద్దీ ఒప్పుకుంటాను. అంటే 2000 తూటాలు చేస్తే గానీ పెట్టిన డబ్బు తిరిగి రాదు. నేను ఏడాదికి పేల్చేది 200. పదేళ్లు! ఇందులో నా కూలి వెయ్యలేదు. ఒక్కో తూటాకి మీ లీవర్ కనీసం రెండుసార్లు కిందకి లాగాలి, ఒకసారి కేసుని మళ్లీ కొలతకి తేవడానికి, ఇంకోసారి బుల్లెట్ కూర్చోబెట్టడానికి. పైగా మీరు వచ్చాక 200 కాస్తా 350 అయింది, "మనం చేసుకున్నవే కదా" అని పేల్చేస్తున్నాను. సగం ధరకి వస్తోందని దాదాపు రెండింతలు వాడేవాడికి మిగిలేదేమిటో మీరే చెప్పండి.

పోనీ, గురి బాగుంటుందన్నారు. అదీ అబద్ధం కాదు. ఫ్యాక్టరీ వాడు తన తూటా అదే క్యాలిబర్ ఉన్న ఏ రైఫిల్లోనైనా పట్టాలి కాబట్టి కొలత కాస్త వదులుగా పెడతాడు, నేను నా ఒక్క రైఫిల్‌కే కుట్టించుకున్న చొక్కాలా చేసుకోవచ్చు. అందుకని త్రాసు ముందు కూర్చుని గ్రెయిన్‌లో పదో వంతు కోసం ఊపిరి బిగబట్టేవాణ్ని. పౌండుకి 7000 గ్రెయిన్లు, అందులో ఒకదానికి పదో వంతు అంటే సుమారు ఆరున్నర మిల్లీగ్రాములు. కోడిగుడ్డుకి ఈకలు పీకడమంటారే, నేను పీకిన ఈకల్ని తూకం కూడా వేశాను. అలా చేసిన తూటాలతో వంద మీటర్ల దగ్గర ఐదు పేలిస్తే ఐదూ అరచేతిలో పట్టేంత దగ్గరగా పడ్డాయి. నేను కాలరెగరేస్తుంటే మా బావ నా రైఫిలే తీసుకుని, దుకాణంలో కొన్న మామూలు పెట్టెలోంచి ఐదు పేల్చాడు. అవి నా బొటనవేలి కింద దాక్కున్నాయి. "ఏం బావా, త్రాసు ఇంకొంచెం మంచిది కొందామా?" అన్నాడు. ఆరున్నర మిల్లీగ్రాముల తేడా పట్టుకున్నాను గానీ ట్రిగ్గర్ నొక్కేటప్పుడు నా చెయ్యి చేసే తేడా పట్టుకోలేదు.

ఇక ఆ రాత్రి సంగతి. మీకూ గుర్తుండే ఉంటుంది. హాపర్లోంచి మందు పోస్తుంటే ఆఫీసు మిత్రుడు ఫోన్ చేశాడు. ఏం చేస్తున్నావంటే "మందు కొలుస్తున్నా" అన్నాను. అటు కాసేపు నిశ్శబ్దం. తర్వాత చాలా జాలిగా, "ఒక్కడివేనా?" అన్నాడు. అది ఆ మందు కాదని అర్థమయ్యేలా చెప్పేసరికి అరగంట పట్టింది. తిరిగొచ్చి చూస్తే బల్ల మీద రెండు డబ్బాలు, రెండింటికీ మూత తీసి ఉంది, హాపర్లో ఉన్నది ఏ డబ్బాలోదో గుర్తు రావట్లేదు. రెండూ చూడ్డానికి ఒకేలాంటి బూడిదరంగు పలుకులు. బల్ల మీద ఒకేసారి ఒక డబ్బా మించి ఉండకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం, అది నాకూ తెలుసు, తెలిసే పెట్టాను. నెమ్మదిగా కాలాల్సిన మందు చోట వేగంగా కాలేది పడితే రైఫిలే బద్దలవచ్చు. అప్పటికి తయారైనవి 46. వాటినీ నమ్మలేను. ప్లాస్టిక్ సుత్తిలాంటి పుల్లర్ ఉంటుంది, దానికి తూటా బిగించి నేలకేసి కొడితే బుల్లెట్ ఊడి వస్తుంది, ఒక్కోటి మూడు దెబ్బలకి, మొండిది ఏడు దెబ్బలకి. రాత్రి పన్నెండున్నర దాకా ఠప్ ఠప్ ఠప్. ఆ మందంతా తెల్లారి ఆరుబయట నేల మీద పలచగా చల్లేశాను.

ఫ్యాక్టరీ పెట్టె కొన్నవాడు ఆ వేళకి గురక పెడుతుంటాడు.

కేసుకి నూనె రాయడం మరిచి డైలో దూర్చినప్పుడు అది మీ కడుపులో ఇరుక్కుని, దాన్ని డ్రిల్లుతో తవ్వి తీసిన ఆదివారం గురించి రాయను, పరువు తక్కువ. దుకాణాల్లో తూటాలు దొరక్కపోతే నేనున్నానన్నారు, అది మాత్రం అడుగుతాను. 2020లో అమెరికాలో తూటాలకి కరువొచ్చినప్పుడు ప్రైమర్లకీ వచ్చింది. ప్రైమర్ లేని మీరు బల్ల మీద బరువు.

మీ వంశాన్ని నేను తిట్టట్లేదు. నెలకి వందలు పేల్చే పోటీ షూటర్‌కి మీరు బంగారం. ఫ్యాక్టరీలు చేయడం మానేసిన పాత క్యాలిబర్ రైఫిల్ ఉన్నవాడికైతే మీరు తప్ప దిక్కు లేదు. వారం పొడుగునా పని చేసి, శనివారం రాత్రి గ్యారేజీలో ఎవరూ పలకరించకుండా ఇత్తడి తోముకోవడమే సుఖమనుకునేవాడున్నాడు, వాడూ తెచ్చుకోవచ్చు, కాకపోతే దాన్ని పొదుపు అనకూడదు. చాలా రైఫిల్ కంపెనీలు రీలోడ్ చేసిన తూటా వాడితే వారంటీ వర్తించదని పుస్తకంలోనే రాసేస్తాయి, అదీ చూసుకోవాలి. ఏడాదికి 200 పేల్చే నాబోటివాడు మాత్రం పెట్టె కొనుక్కోవాలి.

కొన్నాను కూడా. పోయిన ఆదివారం కొత్త పెట్టె పట్టుకుని షూటింగ్ రేంజికి వెళ్లాను. పేల్చాను, టెన్షన్ లేదు, నూనె చేతులు లేవు. లేవబోతుంటే పక్క వరసలో ఎవరో వదిలేసిన ఇత్తడి, ఎండలో మెరుస్తూ. వాళ్లనడిగితే "తీసుకోండి, మాకెందుకు" అన్నారు. వంగాను. కేసు లోపల అడుగున, ప్రైమర్ నిప్పు మందుకి చేరే కన్నాలు ఎన్నున్నాయో ఫోన్ టార్చి వేసి చూశాను. రెండుంటే బెర్డన్ రకం, పాత ప్రైమర్‌ని బయటికి తోసే మీ డై పిన్ను విరుగుతుంది. ఒక్కటే ఉంటే బాక్సర్. (ఈ రెండు రకాలూ కనిపెట్టినవాళ్లలో బెర్డన్ అమెరికావాడు, బాక్సర్ ఇంగ్లండువాడు. అమెరికాలో వాడేది బాక్సర్‌దీ, యూరప్‌లో చాలాకాలం వాడింది బెర్డన్‌దీ, ఎవరి ఊళ్లో వాళ్లకి విలువ లేదు.)

ఒక్కటే కన్నం. 43 ఉన్నాయి. సంచిలో వేసుకొచ్చి మీ పక్కనే పెట్టాను. ఊరికే పెట్టాను, మీరేం ఊహించుకోకండి.

ఇట్లు,
మీ మామగారు