ఆఖరి ప్రాజెక్టు ఎవరి కోసం?

నెల్లూరులో ఒక డిగ్రీ కళాశాల. ఇంటరాక్టివ్ వెబ్ డిజైన్ నేర్చుకుంటున్న ఆఖరి ఏడాది పిల్లల చేత ఏ ప్రాజెక్టు చేయించాలన్నది వివాదం. సార్ చాలాకాలం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి బోధనలోకి వచ్చారు. మేడం మొదటి నుంచీ పాఠాలు చెబుతున్నవారే.

సార్: అందరికీ ఒకటే ఇద్దాం మేడం, దుకాణం సైటు. సరుకుల జాబితా, బుట్ట, లాగిన్, బిల్లు. ఇంటర్వ్యూలో అడిగేవన్నీ అందులోనే వస్తాయి.

మేడం: నిరుడు ఇచ్చింది అదే కదా సార్. రంగులు మార్చిన ఒకే దుకాణాన్ని అందరూ పట్టుకొచ్చారు. బుట్టలో సరుకు వేస్తే మొత్తం ఎలా పెరుగుతోందో చెప్పమంటే తలలు దించుకున్నారు.

సార్: సృజన పేరుతో వదిలేస్తే ఏమవుతుందో కూడా చూశాను. పేజీ తెరవగానే అక్షరాలు ఎగురుతాయి, వెనక వీడియో తిరుగుతుంది, ఎక్కడ నొక్కాలో మాత్రం తెలియదు. 1991లో టిమ్ బెర్నర్స్ లీ లోకానికి చూపిన మొదటి వెబ్‌సైటులో ఉన్నవి మాటలూ లింకులే. ప్రపంచాన్ని మార్చడానికి అవి చాలాయి.

మేడం: ఆయన దాన్ని ఎందుకు చేశారు? సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో తనతో పనిచేసే శాస్త్రవేత్తలు సమాచారం పంచుకోవడానికే కదా! పక్కవారి అవసరం చూసి మొదలుపెట్టారు. నేను అడిగేదీ అదే. మన రొట్టెల పండుగనే తీసుకోండి. కోరిక తీరినవారు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె అంటూ వేర్వేరు. మొదటిసారి వచ్చినవారికి స్వర్ణాల చెరువు దగ్గర ఆ జనంలో దారి తోచదు. వారికి చేయి పట్టి చూపే పేజీ చేయమంటాను.

సార్: రొట్టె చేతి నుంచి చేతికి మారాలి. ఫోనులోకి ఎక్కిస్తే ఇక పండుగ ఎక్కడ?

మేడం: రొట్టె చేతులే మారుస్తాయి. ఫోను దారి చూపుతుంది, అంతే. అయినా ఇచ్చేవారిని, పుచ్చుకునేవారిని వేరుగా ఆలోచించడం, కోరికను బట్టి జాబితా వడకట్టడం, ఇవి మీ దుకాణంలో లేనివా?

సార్: ఉన్నవే. కానీ దుకాణమైతే కంపెనీవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

మేడం: మొన్న ఒక అమ్మాయి నమూనా చూపించింది. పైన పెద్ద అక్షరాలతో ‘స్వర్ణాల చెరువు’. ‘స్వ’ కింద వ ఒత్తు, ‘ర్ణా’ కింద ణ ఒత్తు సగానికి తెగిపోయాయి. ఇంగ్లీషుకు సరిపోయే టెంప్లేటు, అంటే ముందే సిద్ధంగా ఉన్న పేజీ అచ్చు, తెచ్చుకుంది, అందులో వరుస ఎత్తు తక్కువ. తెలుగుకు కింద కూడా చోటు కావాలి. ఆ ఎత్తును అక్షరం సైజుకు 1.1 రెట్ల నుంచి 1.7 రెట్లకు పెంచగానే ఒత్తులు నిండుగా కనబడ్డాయి. ఆ పిల్ల ముఖం చూడాల్సింది సార్! ఇంగ్లీషు దుకాణం చేసినంతకాలం ఆ పాఠం ఆమెకు ఎదురయ్యేది కాదు.

సార్: ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటాను. అయినా మొదటి రెండు వారాలు అందరూ దుకాణం కట్టాల్సిందే. పునాది పునాదే. తర్వాత మీ దారి. కానీ నా షరతులు వినండి. మాటల్ని బొమ్మలో అతికించకూడదు, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అవి అందవు. అక్షరాల రంగుకూ నేపథ్యం రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్టు) కనీసం 4.5:1 ఉండాలి.

మేడం: సరే. నాదీ ఒకటుంది. ఆత్మకూరు బస్టాండుకు వెళ్లి, ముక్కూ ముఖం తెలియని ముగ్గురి చేతికి ఫోను ఇవ్వాలి. వారు తడబడుతున్నా పిల్లలు నోరు మెదపకూడదు. ఎక్కడ ఆగారో రాసుకు రావాలి.

సార్: దానికి ఎన్ని మార్కులు?

మేడం: సగం.

సార్: సగం ఎక్కువ మేడం. ముప్పై ఇద్దాం. ముందు ఆ అమ్మాయి పేజీ నా ఫోనుకు పంపండి, ఎండలోకి తీసుకెళ్లి చూస్తాను.