రెండు పేర్ల చుట్టానికి

మహారాజశ్రీ ఇంపోర్ట్ పాత్ (పైథాన్ ప్రోగ్రామ్‌లో ఒక ఫైల్ ఇంకో ఫైల్‌ని పిలిచే దారి) గారికి,

బెంగళూరు, బెళ్లందూరు నుంచి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం, మీ కాపీలు రెండూ క్షేమం. గొడవంతా ఆ రెండో కాపీతోనే.

ఈ ఊళ్లో సిటీ స్టేషన్ అన్నా, కేఎస్ఆర్ అన్నా, సంగొళ్లి రాయణ్ణ స్టేషన్ అన్నా ఆటో అతను ఒకే స్టేషన్‌కి తీసుకెళ్తాడు. మీరు మాత్రం ఒకే ఫైల్‌ని ‘యాప్.ఎర్రర్స్’ పేరుతో ఒకసారి, ఉత్త ‘ఎర్రర్స్’ పేరుతో ఇంకోసారి లోడ్ చేయిస్తారు. పైథాన్‌ని తప్పుపట్టలేం. లోడైన ఫైళ్లను రాసుకునే దాని సిస్.మాడ్యూల్స్ పట్టీ పేరే చూస్తుంది, మొహం చూడదు. కొత్త పేరు వినబడితే ఇంకో విస్తరి వేస్తుంది.

ఫైల్ మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. అందులో డేటాబేస్‌కి 10 కనెక్షన్లు తెరిచి ఉంచే పూల్ ఉంటే అవి 20 అవుతాయి. సరే, అది గ్రాఫ్‌లో కనబడే రోగం. కనబడనిది ఇంకోటుంది. ఒక ఫైల్ యాప్.ఎర్రర్స్‌లోని పేమెంట్ఎర్రర్‌ని రైజ్ చేస్తుంది, అంటే విసురుతుంది. ఇంకో ఫైల్‌లో దాన్ని పట్టుకోవాల్సిన ఎక్సెప్ట్ కాచుకున్నది ఉత్త ఎర్రర్స్‌లోని పేమెంట్ఎర్రర్ కోసం. పేరదే, ఫైలదే, లైన్ నంబరూ అదే, క్లాసులు వేరు! పట్టుకోదు. ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ నివేదిక) చివరి లైన్లో పేరు ముందు ‘యాప్’ అన్న ముక్క ఒక్కటే ఆధారం. అర్ధరాత్రి రెండింటికి దాన్నెవరు చదువుతారు?

మీరు దూరిన దారీ తెలుసు. ‘పైథాన్ యాప్/మెయిన్.పీవై’ అని నడిపితే ఫైళ్లు వెతికే ఫోల్డర్ల జాబితా అయిన సిస్.పాత్ మొదట్లో యాప్ ఫోల్డర్ కూర్చుంటుంది. ‘యాప్’ దొరకట్లేదని ఎవరో పుణ్యాత్ములు ఆ జాబితాకి ఫోల్డర్లు కలిపే పైథాన్‌పాత్ సెట్టింగ్‌లో ప్రాజెక్ట్ రూట్‌నీ (యాప్ ఉన్న పై ఫోల్డర్‌ని) చేరుస్తారు. రెండు గుమ్మాలూ బార్లా. ఎర్రర్ పోయిందిగా, మెర్జ్ అయిపోతుంది.

అందుచేత తెలియజేయునదేమనగా: ఇకపై రూట్‌లో నిలబడి ‘పైథాన్ -ఎమ్ యాప్.మెయిన్’ అనే నడుపుతాం. పైథాన్‌పాత్ తీసేస్తాం. ప్రతి ఇంపోర్టూ ‘యాప్’తోనే మొదలవుతుంది. మెయిన్‌ని మాత్రం ఎవరూ ఇంపోర్ట్ చేయరు. నడిచేటప్పుడు దాని పేరు వేరు కాబట్టి అదీ రెండోసారి లోడవుతుంది. టెస్టుల చివర సిస్.మాడ్యూల్స్‌లో మా ఫోల్డర్ మాడ్యూళ్ల (లోడైన ఫైళ్ల) పాత్‌లన్నీ రియల్‌పాత్‌తో అసలు చిరునామాకి విప్పి చూస్తాం. ఒకే ఫైల్‌కి రెండు వేర్వేరు ఆబ్జెక్టులు తేలితే బిల్డ్ ఆపేస్తాం. (వేర్వేరు ఆబ్జెక్టులు అనడం ఎందుకంటే పైథాన్ సొంత మాడ్యూల్‌కి ఓఎస్.పాత్, పోసిక్స్‌పాత్ రెండు పేర్లైనా ఒకే ఆబ్జెక్ట్. అది పెద్దమనుషుల వ్యవహారం.)

ఇట్లు,
మీ రెండో కాపీకి ర్యామ్ అద్దె కడుతున్నవారు

తా.క.: జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో ఉన్న మీ తమ్ముణ్ని కూడా అడిగామని చెప్పండి. ఫైల్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా మామూలుగా పట్టించుకోని మ్యాక్‌లో పెద్ద ఎల్‌తో ఒక ఫైల్లో, చిన్న ఎల్‌తో ఇంకో ఫైల్లో ‘లాగర్’ని రిక్వైర్ (అక్కడి ఇంపోర్ట్) చేస్తే కిక్కురుమనకుండా రెండు కాపీలు ఇస్తున్నాడు. లినక్స్ సర్వర్ ఎక్కగానే మాత్రం ‘మాడ్యూల్ దొరకలేదు’ అని ఊరంతా వినబడేలా అరుస్తున్నాడు.