ఆదిత్యను పంపాం సరే, చదివేవాళ్లేరీ?

2024 మే 10, 11 తేదీల్లో లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడిన ఫొటోలు మన వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగాయి. అందరూ చూశారు, బాగుందన్నారు, మర్చిపోయారు. ఆ ఎరుపు తెచ్చింది సౌర తుపాను, అంటే సూర్యుడి మీది విస్ఫోటాల తాకిడి. 2003 తర్వాత భూమిని తాకినవాటిలో అతి తీవ్రమైనది అది. ఆ రోజుల్లోనే అమెరికాలో మొక్కజొన్న వేస్తున్న రైతుల ట్రాక్టర్లకు జీపీఎస్ లెక్క తప్పింది. సరిగ్గా అదును మీద పని ఆపుకుని కూర్చోవాల్సి వచ్చింది. మన పొలాల్లోనూ డ్రోన్లతో మందు కొట్టిస్తున్న ఈ కాలంలో అదేదో అమెరికా గొడవ అనుకోవడానికి లేదు. సూర్యుణ్ని గమనించడానికి ఇస్రో ఆదిత్య నౌకను పంపింది. అది పంపే సమాచారాన్ని చదివే మనుషుల గురించే ఈ మాటలు.

ఆ తుపానుకు అంత బలం ఎక్కడిది? ఒకే సౌర మచ్చల గుంపు నుంచి విస్ఫోటాలు, అంటే అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొచ్చే వేడి వాయు మేఘాలు, వరసగా వెలువడ్డాయి. వెనక బయల్దేరినవి ముందు వాటిని దారిలో అందుకుని, కలిసిపోయి, ఒక్కుమ్మడిగా వచ్చి తగిలాయి. ఇలా ఒక విస్ఫోటం ఇంకోదాన్ని మింగేయగలదని రేడియో సంకేతాల ఆధారంగా 2001లోనే రాసింది నాట్ గోపాలస్వామి బృందం. ఆయన తమిళనాడులో పుట్టి, బెంగళూరు ఐఐఎస్సీలో పీహెచ్‌డీ చేసి, కొడైకెనాల్ సౌర అబ్జర్వేటరీలో పనిచేసి, తర్వాత నాసా గొడార్డ్ కేంద్రంలో స్థిరపడ్డారు. అప్పటి పరిశీలన ఇప్పటి తుపానును అర్థం చేసుకోవడానికి అక్కరకొచ్చింది. మధ్యలో 23 ఏళ్లు గడిచాయి. ఈ రంగంలో ఒక ఆలోచన విలువ తేలడానికి అంత కాలం పడుతుంది. అంత కాలం ఒక మనిషిని ఆ పనిలో నిలబెట్టే ఏర్పాటు మన దేశంలో లేదన్నదే నా బాధ.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడండి. 1995 డిసెంబరులో ఎగిరిన, సూర్యుణ్ని గమనించే సోహో నౌకలో కరోనాగ్రాఫ్ ఉంది. అది సూర్యబింబాన్ని చిన్న బిళ్లతో కప్పేసి చుట్టూ ఉన్న కరోనాను, అంటే సూర్యుడి బయటి వాతావరణాన్ని మాత్రం చూస్తుంది. ఒక చిత్రంలోంచి దాని ముందు చిత్రాన్ని తీసేస్తే, మారింది మాత్రం తెల్లటి చారలా మిగులుతుంది. ఆ చార అంచు మీద ఒక గుర్తు పెట్టాలి. తర్వాతి చిత్రంలో మళ్లీ గుర్తు, ఆ తర్వాత ఇంకోటి. దూరాన్నీ సమయాన్నీ కలిపి గీస్తే వేగం వస్తుంది. సెకనుకు 250 కిలోమీటర్లు ఉండొచ్చు, 3,000 దాకా పోవచ్చు. 1996 నుంచి వేల విస్ఫోటాలకు ఇలా మనుషులే కూర్చుని లెక్క కట్టారు. గోపాలస్వామి బృందం నడిపే జాబితా అదే. ప్రపంచంలో ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ దాన్నే తెరుస్తారు. అంచు ఎప్పుడూ మసకగానే ఉంటుంది. గుర్తు కాస్త అటూ ఇటూ అయితే తుపాను భూమిని చేరే వేళ గంటల కొద్దీ మారిపోతుంది. ఆ చూపు ఒక్క ఏడాదిలో రాదు.

పైగా వేగం తెలిస్తే సరిపోదు. వచ్చే మేఘంలో అయస్కాంత క్షేత్రం దక్షిణ దిశగా ఉంటేనే భూమి కవచం తలుపు తెరుచుకుంటుంది. ఆ దిశ ఎటో కచ్చితంగా తెలిసేది మేఘం ఎల్1 బిందువు దాటేటప్పుడే. సూర్యుడికీ భూమికీ మధ్య, నౌకలు నిలకడగా ఉండి సూర్యుణ్ని చూడగలిగే చోటు అది. అక్కడి నుంచి భూమికి 15 లక్షల కిలోమీటర్లు. అంటే మన చేతిలో మిగిలేది గంటలోపు సమయం. ఇంకా ముందే చెప్పగలగడం ఎలా అన్నదే ఈ తరం పరిశోధకుల ముందున్న పెద్ద ప్రశ్న.

అమెరికా సంస్థలు హెచ్చరికలు ఉచితంగా ఇస్తుంటే మనకెందుకీ ఖర్చు అని అడిగేవాళ్లున్నారు. 1989 మార్చిలో క్యూబెక్‌లో 60 లక్షల మంది చీకట్లో ఉండిపోయారంటే అది ధ్రువానికి దగ్గర, మనకు ఆ టెన్షన్ లేదంటారు. కరెంటు గ్రిడ్ల వరకు ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ మన ఆకాశానికి దాని సమస్యలు దానికున్నాయి. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణ కొన మీదుగా వెళ్తుంది. పొద్దుగుంకాక ఇక్కడి అయనోస్ఫియర్‌లో, అంటే విద్యుదావేశం ఉన్న పై వాతావరణ పొరలో బుడగలు లేస్తాయి, జీపీఎస్ సిగ్నల్ తడబడుతుంది. తిరుపతి దగ్గర గాదంకిలో పెద్ద రాడార్ పెట్టి అయనోస్ఫియర్‌ను కూడా గమనిస్తున్నది ఇందుకే. విమానాలకు దారి చూపే గగన్ వ్యవస్థను కట్టేటప్పుడు అమెరికా తన ఆకాశానికి రాసుకున్న నమూనా ఇక్కడ సరిపోలేదు. ఇస్రో సొంతంగా రాసుకోవాల్సి వచ్చింది. మన ఆకాశం సంగతి మనమే చూసుకోవాలని అప్పుడే తేలిపోయింది.

ఇక మన లెక్కలు చూద్దాం. ఆదిత్య ఆలోచన 2008 నాటిది. అప్పట్లో భూమికి 800 కిలోమీటర్ల ఎత్తున తిరిగే చిన్న ఉపగ్రహం అనుకున్నారు. పెరిగి పెద్దదై, ఏడు పరికరాలతో 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరింది. 2024 జనవరి 6న ఎల్1 చేరింది. ఆలోచనకూ ప్రయోగానికీ మధ్య 15 ఏళ్లు. నౌకకు అనుకున్న ఆయుష్షు ఐదేళ్లు. సూర్యుడి మీద మచ్చలు, విస్ఫోటాలు పెరిగి తగ్గే చక్రం 11 ఏళ్లు. ఒక పరిశోధకుడు పూర్తి కాలం పనిచేసినా చూడగలిగేది మూడు చక్రాలు. అలాంటి పనికి మనం ఇచ్చేదేమిటి? 2023 పెంపు తర్వాత పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలకు 37 వేలు, రెండేళ్లయ్యాక నెలకు 42 వేల ఫెలోషిప్. అది ఐదేళ్లు. ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో తీరిపోయే పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన కొలువు. ముప్పై నాలుగేళ్లొచ్చినా పర్మనెంట్ ఉద్యోగం లేక ఇంట్లోవాళ్లకు సర్దిచెప్పుకోవడం. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్టుంది ఇది.

ఇలా కానక్కర్లేదని కొడైకెనాల్ వందేళ్ల కిందటే చూపించింది. 20వ శతాబ్దం మొదటి నుంచీ అక్కడ మబ్బు లేని ప్రతి ఉదయం సూర్యుడి ఫొటో తీస్తున్నారు. ఒకే కుటుంబంలో తాత, తండ్రి, మనవడు ఆ పని చేశారు. ఆ ప్లేట్లను ఇప్పుడు డిజిటల్ చేసి ప్రపంచమంతా వాడుకుంటోంది.

తెలుగువాళ్లకు ఈ చరిత్రలో వాటా లేదా అంటే, మొదలే మన దగ్గర. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం వేళ ఫ్రెంచ్ శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ గుంటూరులో నిలబడి సూర్యుడి అంచున లేచిన జ్వాలల వెలుగును విడదీసి చూశారు. మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ చూడగలిగారు. హీలియం కథ ఆ రోజుతో మొదలైంది. అదే గ్రహణాన్ని మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తి నుంచి పరిశీలించారు. వందేళ్లకు 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. 1980 ఫిబ్రవరి 16 గ్రహణానికి ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో అక్కడికి వచ్చారు. తర్వాత దాని ఆలనాపాలనా చూసేవాళ్లు తగ్గిపోయారు. ఆ ఊరి పేరు విన్న ఫిజిక్స్ విద్యార్థులు ఇవాళ ఎంతమంది ఉంటారు?

నాకు అసలు కోపం మన చదువుల మీద. దేశంలో ఎవరికీ తగ్గకుండా ఫిజిక్స్ లెక్కలు చేసే పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో లక్షల్లో ఉన్నారు. ఇంటర్ రెండేళ్లూ పొద్దున్నుంచి రాత్రి దాకా ఫిజిక్సే. ర్యాంకు వచ్చిన రోజుతో ఆ పుస్తకం అటకెక్కుతుంది, అందరూ కంప్యూటర్ సైన్స్‌లో తేలతారు. అమ్మానాన్నలను తప్పుపట్టను. బీఎస్సీ ఫిజిక్స్ చదివితే ఏ ఉద్యోగం వస్తుందని వాళ్లడిగే ప్రశ్నకు ప్రభుత్వాల దగ్గరే జవాబు లేదు.

జవాబు చెప్పడానికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. జపాల్-రంగాపూర్‌ను బాగుచేయండి. ఉస్మానియా, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఆదిత్య డేటా మీద పనిచేసే పర్మనెంట్ పోస్టులు ఒక్కోచోట నాలుగైదు ఇవ్వండి. పేరుకు గెస్ట్ ఫ్యాకల్టీ వద్దు. ఇప్పుడు ఇంటర్‌లో ఉన్న అమ్మాయి పీహెచ్‌డీ ముగించేసరికి సూర్యుడు మళ్లీ ఉద్ధృత దశకు చేరువలో ఉంటాడు. నోటిఫికేషన్ ఈ ఏడాదే రావాలి.