నిర్భయంగా మాట్లాడండి, పేరు, సంతకంతో సహా

ఉపాధ్యాయులు బెరుకు లేకుండా మనసు విప్పి మాట్లాడే వాతావరణం కల్పించాలని శిక్షణ కరదీపికల్లో రాసి ఉంటుంది కనుక, మండల స్థాయి నిర్వాహకులు ఆ ఆదేశాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తున్నారో నలుగురికీ చెప్పడం మన ధర్మం.

ముందుగా ఆహ్వానం. గైర్హాజరైనవారిపై శాఖాపరమైన చర్యలు తప్పవని ముందురోజు రాత్రి పొద్దుపోయాక వాట్సాప్ గ్రూపులో సందేశం వస్తుంది. ఇంత ఆప్యాయంగా పిలిచాక రాకుండా ఎవరుంటారు? వచ్చినవారిని ఆరో తరగతి పిల్లల బల్లల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చోనిచ్చి, ముందు వరుస కుర్చీలను మాత్రం వస్తారో రారో తెలియని అతిథుల కోసం అట్టిపెడతారు. ఆపైన బెరుకు పోగొట్టే ఆట: ఎవరి పేరు మొదటి అక్షరంతో వారు ఒక పండు పేరు చెప్పాలి. ‘స’ వారికి సీతాఫలం, సపోటా వెంటనే దొరుకుతాయి. రిటైర్మెంటుకు దగ్గరపడిన ‘భ’ పెద్దాయన మాత్రం టీ వచ్చేదాకా నిలబడే ఉంటారు.

మహిళల భద్రతనూ విస్మరించలేదు. ఉద్యోగరీత్యా వెళ్లిన ప్రతి చోటూ పని ప్రదేశమేననీ, పదిమంది, ఆపైన ఉద్యోగులున్న కార్యాలయంలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినేందుకు మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలనీ 2013 నాటి చట్టం చెబుతోంది. ఆ కమిటీ సభ్యుల పేర్లున్న కాగితం, మహిళల మరుగుదొడ్డి తాళంచెవి రెండూ భద్రంగానే ఉన్నాయి, సెలవు పెట్టి ఊరెళ్లిన అటెండరు దగ్గర.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి బృందాలను పరిశీలించి, మెరుగైన బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదు కావడం గమనించారు. అక్కడివారు తప్పును దాచకుండా చెప్పుకోగలగడమే అందుకు కారణమని ఆమె భావించారు. బృందాల్లో ‘మానసిక భద్రత’ గురించి 1999లో ఆమె రాసిన పత్రం ఎంతో పేరు పొందింది. పాపం, ఆమె మన మండలానికి రాలేదు. ఇక్కడ సాంబారు వాసన గది నిండా అలుముకున్నాక, సరిగ్గా ఒంటిగంటకు, “సందేహాలేమైనా ఉన్నాయా?” అని అడుగుతారు. ఉండవు. నివేదికలో ‘సందేహాలు: లేవు’ అని రాసి, శిక్షణ నూటికి నూరు శాతం విజయవంతమైనట్లు పైకి పంపుతారు.

తొలిరోజు మాత్రం ఒక ఏకోపాధ్యాయ పాఠశాల మాస్టారు తొందరపడి లేచారు. “ఒక్కడినే ఐదు తరగతులూ చూసుకుంటూ, ఒక్క పీరియడులో ఈ నాలుగు బృంద కృత్యాలు ఎలా చేయించాలండీ?” అన్నారు. శిక్షణ ఇస్తున్న రిసోర్స్ పర్సన్ ఎంతో సంతోషించి, “మంచి ప్రశ్న సార్! రేపు దీనిమీద మీరే పావుగంట మాట్లాడండి, ఇవాళ్టి నివేదిక కూడా మీరే రాసుకురండి” అన్నారు. ఆ తర్వాత మరెవరికీ ఏ సందేహమూ కలగలేదు.

చివరిరోజు అభిప్రాయ పత్రంలో పేరు, పాఠశాల కోడు, ఫోను నంబరు, సంతకం పూర్తయ్యాక, కింద మిగిలిన రెండు గీతల్లో ‘నిర్మొహమాటంగా’ రాయమంటారు. అది ఇస్తేనే రిలీవింగ్ ఆర్డరు. అందరూ ‘చాలా బాగుంది’ అనే రాశారు. ఒక్కరు మాత్రం ‘టీ చల్లారిపోయింది’ అని రాసి, చదవడానికి వీల్లేకుండా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం కూడా పెట్టారు.