గాలి పక్షం, నీళ్ల పక్షం

మా ఇంట్లో టీవీ వెనక ఒక కంప్యూటర్ ఉంది. రాత్రింబగళ్లు అది ఆగకూడదన్నది ఇంటి రాజ్యాంగం. పెళ్లి ఫొటోలు, సీసీ కెమెరా రికార్డింగులు, ఎవరూ రెండోసారి చూడని సీమంతం వీడియో అన్నీ దాంట్లోనే ఉన్నాయి మరి. మే నెల బెజవాడ ఎండకు గదిలోనే 40 డిగ్రీల దాకా వచ్చేసరికి, ఆ పెట్టెను గాలితో చల్లార్చాలా, నీళ్లతోనా అన్న ప్రశ్న లేచింది. పోలవరం సంగతి ఎలాగూ పెద్దలు చూసుకుంటున్నారు కాబట్టి మేం దీని మీద కూర్చున్నాం.

నాది గాలి పక్షం. రాగి గొట్టాలు, అల్యూమినియం రేకులు, ఒక ఫ్యాను. చెడిపోయే వస్తువు అందులో ఆ ఫ్యానొక్కటే. పోతే కొన్ని వందలు పారేసి ఇంకోటి బిగించుకోవచ్చు.

హైదరాబాద్ నుంచి దిగిన మా బావమరిదిది నీళ్ల పక్షం. "ఇంకా ఫ్యానేంటి బావా? 1985లోనే క్రే-2 సూపర్ కంప్యూటర్‌ని ద్రవంలో ముంచి నడిపారు" అన్నాడు. నిజమే. అయితే ఆ ద్రవం పేరు ఫ్లోరినర్ట్, దాంట్లో కరెంటు పారదు. ఆ యంత్రాన్ని మొదట కొన్నది అమెరికా ప్రభుత్వం. ఇక్కడ సలహా బావమరిదిది, జేబు బావది.

నేను కూడా న్యాయంగానే విచారించాను. పంపు నీళ్లని తిప్పుతుంది, నీళ్లు వేడిని రేడియేటర్ దాకా మోస్తాయి. అక్కడ ఆ వేడిని ఊదేసేదెవరయ్యా అంటే, మళ్లీ ఫ్యానే! అదీ రెండో మూడో. పంపుని రేడియేటర్ కంటే ఎత్తులో పెడితే గాలి బుడగలు దాంట్లో చేరి, అర్ధరాత్రి గుడగుడమని హుక్కా పీల్చినట్టుంటుంది. గొట్టాల్లోంచి ద్రవం ఏళ్ల తరబడి కంటికి కనపడకుండా ఇగిరిపోతుంటుంది, చాలావాటికి మూత తీసి పోసుకునే వీలే ఉండదు. 250 వాట్లు మింగుతూ రోజంతా రొప్పే ప్రాసెసర్‌కైతే ఈ వైభోగం తగినదే. మాది 65 వాట్లది, పాత అరవై క్యాండిల్ బల్బుకి తోబుట్టువు.

"ఏది పెట్టినా ఆ వేడి ఈ గదిలోకేగా వచ్చేది?" అంది అమ్మ, విసనకర్ర ఊపుకుంటూ. సాంకేతిక విషయాల్లో పెద్దల జోక్యం కూడదని మేమిద్దరం ముక్తకంఠంతో ఖండించాం. పది రోజుల చర్చలో మాకు ఏకాభిప్రాయం కుదిరింది అక్కడొక్కచోటే.

పదకొండో రోజు, కొత్త కూలర్ పడుతుందో లేదో కొలుద్దామని టేపు పట్టుకుని పక్క తలుపు ఊడదీశాను. రేకుల మధ్య దుమ్ము పాత పరుపులో దూదిలా అట్టకట్టి ఉంది. భయం భయంగా చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది! ఇంత ఎండలో, ఇంత దుమ్ములో, ఉన్న ఫ్యానుతోనే ఇంత చల్లదనమా! గాలి పక్షం గెలిచిందని నేను ప్రకటిస్తుంటే బావమరిది మొహం మాడిపోయింది.

"పోయిన గురువారం కరెంటు పోయినప్పుడు ఆగింది కదరా అది. మళ్లీ ఎవరు ఆన్ చేశారని?" అంది అమ్మ.