బేస్ గిటార్ సౌండ్ తగ్గితే మ్యాగ్నెట్ చచ్చినట్టేనా?

బెజవాడ, గుంటూరు ఆర్కెస్ట్రా వాళ్ల ఫోన్లలో ఒక చిట్కా తిరుగుతోంది: "పాత బేస్ సౌండ్ తగ్గిందంటే పికప్ మ్యాగ్నెట్ చచ్చిపోయింది. కింద నియోడిమియం బిళ్ల అంటించి, 250కే పాట్ తీసి 500కే వేయండి. సౌండ్ రెట్టింపు." (పికప్ అంటే తీగల కింద ఉండి వాటి కదలికను సిగ్నల్‌గా మార్చే మ్యాగ్నెట్, కాయిల్‌ల జత; పాట్ అంటే వాల్యూమ్ నాబ్ కింది రెసిస్టర్; కే అంటే కిలోఓమ్.) నమ్మి మంచి పికప్ పాడుచేసుకోకండి.

మ్యాగ్నెట్ అంత తేలిగ్గా చావదు. అల్నికో అయినా సిరామిక్ అయినా మామూలు వాడకంలో దశాబ్దాలు నిలుస్తుంది. అనుమానం ఉంటే కొలవండి. పాసివ్ (బ్యాటరీ లేని) గిటార్‌కి కేబుల్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తిప్పి, మల్టీమీటర్‌ని 20కే రేంజిలో ఉంచి ప్లగ్ మొనకీ ఒంటికీ తాకించండి. ప్రెసిషన్ తరహా (రెండు కాయిల్‌లు కలిసిన ఒకే) పికప్‌కి 10కే అటూ ఇటూ రావాలి. జాజ్ తరహాలో (రెండు పికప్‌లు, రెండు వాల్యూమ్‌లు) రెండో వాల్యూమ్ తగ్గించి చూస్తే 7, 8కే. ప్రెసిషన్‌లో సగమే వచ్చి, రెండు తీగలే మూగబోతే ఒక కాయిల్ షార్టయింది. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగింది, లేదా టంకం ఊడింది. రీడింగ్ సరిగ్గా ఉంటే తీగలు చూడండి. అకూస్టిక్ బేస్‌కి వేసే కంచు చుట్టు తీగలు ఎక్కించి ఉంటే పికప్‌కి అందేది లోపలి ఉక్కు మాత్రమే. నికెల్ తీగలు వేయండి.

నియోడిమియం బిళ్ల ధ్రువం తిరగబడి అంటుకుంటే పికప్ బలం తగ్గుతుంది. అల్నికో అయితే శాశ్వతంగా కూడా దెబ్బతినొచ్చు. సరిగ్గా అంటుకున్నా తీగను లాగిపట్టి శ్రుతి చెడగొడుతుంది.

పాట్ సంగతి లెక్కతోనే తేలిపోతుంది. 8కే పికప్‌కి 250కే బదులు 500కే వేస్తే పెరిగేది 0.14 డెసిబెల్. చెవికి తెలియదు. పైస్థాయి కాస్త పదునెక్కుతుంది, అంతే.

మన స్టేజీల మీద సౌండ్‌ని ఎక్కువగా తినేది మిక్సర్. పాసివ్ బేస్‌ని నేరుగా 10కే లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే సిగ్నల్ దాదాపు సగమవుతుంది, పైస్థాయి ఇంకా ఎక్కువ పోతుంది. మధ్యలో 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగినట్టు మార్చే పెట్టె) పెట్టండి. మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (మైక్ కేబుల్ గుండానే అందే కరెంటు) ఉంటే దానితోనే నడిచేవి దొరుకుతాయి.

ఖర్చు లేనిది పికప్ ఎత్తు. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టి, తీగకీ పికప్‌కీ మధ్య లావుపాటి 'E' తీగ వైపు 3 మిల్లీమీటర్లు, సన్నని 'G' తీగ వైపు 2.5 ఉండేలా స్క్రూ తిప్పండి. 2 కంటే దగ్గరైతే స్వరం ఊగుతుంది.

యాక్టివ్ బేస్ అయితే ముందు 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. కేబుల్ జాక్‌లోనే వదిలేస్తే ప్రీయాంప్ (గిటార్ లోపలి చిన్న యాంప్) రాత్రంతా నడిచి బ్యాటరీని తినేస్తుంది.